తూము పూడ్చిన తుకిరాన్ మేస్త్రీ

స్టేషన్ వెనకపేటలో తుకిరాన్ అంటే ఇష్టమున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. నాకూ ఇష్టం లేదు. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య మూడు గుమ్మాలు. ఒకసారి పోటునీళ్ళు మా వంటింట్లో రెండు రోజులు కదలకుండా నిలిచిపోయాయి. మూడో రోజు పొద్దున్నే, చేపలు కడిగిన నీళ్ళు బకెట్ నిండా తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో గుమ్మరించి వచ్చాను. ఆయన భార్య కసియెమ్ చీపురు తెచ్చి, పల్లెత్తు మాట అనకుండా ఊడ్చుకుంది. ఆ వారమంతా పేటలో నన్ను మెచ్చుకోని ఆడది లేదు.

ఆయన నాకు చిన్నాన్న వరస. మా జావాలో చిన్నాన్నను లిక్ అంటాం. చిన్నప్పుడు అలాగే పిలిచేదాన్ని. తర్వాత ఎన్నో ఏళ్ళు అందరితో పాటు నేనూ 'నీళ్ళ మేస్త్రీ' అన్నాను, అదీ ఆయనకు వినబడేలా.

మా రేవుపట్నం స్టేషన్ డచ్చివాళ్ళ కాలంలో కట్టింది. తుకిరాన్ తండ్రి అక్కడ మూటలు మోశాడు. తండ్రి కోసం అన్నం తీసుకెళ్ళే రోజుల్లోనే కొడుకు కళ్ళు గుమ్మటం మీద పడ్డాయట. మధ్య హాల్లో నాలుగు స్తంభాలు, ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా కౌగిలికి అందనంత లావు. వాటి మీద గుమ్మటం. గుమ్మటం నడుముకు చుట్టూ రంగు అద్దాల కిటికీలు. పొద్దున్న ఎండలో ఆ రంగులు నేల మీద పడి, టికెట్ల కిటికీల వైపు మెల్లగా జరుగుతాయి. స్తంభాల పాదాలకు నడుమెత్తు వరకు మెరిసే ఆకుపచ్చ ఇటుకలు. తలుపులు టేకువి, మనిషికి రెండింతల ఎత్తు, కింది పలకల మీద చెక్కిన తీగలు. నేల మీద పసుపు, బూడిద రంగు పలకలు, చాప అల్లినట్టు.

తుకిరాన్ ఇరవై రెండో ఏట స్టేషన్ మరమ్మతు ముఠాలో చేరాడు. డెబ్బై అయిదో సంవత్సరం అనుకుంటాను. పదేళ్ళు తిరగకుండా పలకల పనిలో ఆయన్ని మించినవాడు పట్నంలో లేడు. హాల్లో ఊరికే నడుస్తూ, మడమ మోగిన తీరును బట్టి ఏ పలక కింద బోలుగా ఉందో చెప్పేవాడు. పగిలిన పలక తీసి కొత్తది పెడితే ఎక్కడ పెట్టాడో మళ్ళీ ఆయనే వెతుక్కోవాలి.

ఆ చేతితో పాటు పొగరూ వచ్చింది. పేటలో ఎవరైనా ఇంట్లో గచ్చు చేసిపెట్టమంటే, "నాది స్టేషన్ చెయ్యి. దొడ్లు కట్టే చెయ్యి కాదు" అనేవాడు. దార్మి వాళ్ళ నాన్నతోనూ అదే మాట అన్నాడు. దార్మి సోయా ముద్దలు వేయించి ప్లాట్‌ఫారం మీద అమ్మేది. మా పేటలో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ మాట ఆమె ఎదుటే అన్నాడు. ఆమె మరిచిపోలేదు.

అసలు సంగతి ఎనభై నాలుగులో జరిగింది.

సముద్రం మాకు పడమటిగాలి నెలల్లో పోటుమీద వస్తుంది. కాలవ పొంగి వీధిలోకి ఎక్కుతుంది. అంతకుముందూ వచ్చేది, కానీ ఆటుతో పాటు వెళ్ళిపోయేది. ఎందుకు వెళ్ళిపోయేదో మాకెవరికీ తెలియదు. తుకిరాన్‌కు తెలుసు. స్టేషన్ కింద ఒక తూము ఉంది. వెనకగోడ దగ్గర, మా పేట వైపు, దాని నోరు. అక్కణ్ణుంచి హాలు కిందుగా పోయి ముందున్న కాలవలో కలుస్తుంది. ఇటుకతో కమాను తిప్పి కట్టింది, మనిషి మోకాళ్ళ మీద పాకి పోవచ్చు. కాలవ చివర ఒక ఇనుప తలుపు. పోటు వస్తే నీటి బరువుకు అదే మూసుకుంటుంది, ఆటు వస్తే అదే తెరుచుకుంటుంది. కట్టినవాళ్ళు స్టేషన్ నీళ్ళూ మా నీళ్ళూ కలిపి ఆలోచించి కట్టారు.

ఆ తలుపు తుప్పు పట్టి ఊడి కాలవలో పడిపోయింది. పోటు నీళ్ళు తూములోంచి వెనక్కి తన్ని హాల్లోకే రావడం మొదలుపెట్టాయి. అప్పుడు విబోవో అనే ఇంజినీరు వచ్చాడు. పాత పలకలు ఊడదీసి, హాలు నేలను మూరెడు ఎత్తు లేపి, మళ్ళీ అవే పరచాలన్నాడు. తూము ముందు నిలబడి, "దీన్ని రెండు వైపులా పూడ్చెయ్" అన్నాడు.

"తలుపు కొత్తది బిగిస్తే చాలండయ్యా. ఇది వెనకపేట నీళ్ళు కూడా లాగేస్తది" అన్నాడు తుకిరాన్.

"పేట సంగతి నీకెందుకు? నువ్వు మేస్త్రీవా, మేయరువా?"

ముఠా అంతా పగలబడి నవ్వింది. తుకిరాన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు గురించి ఆయనే తర్వాత అందరి ముందూ చెప్పాడు. నాలుగు రోజుల్లో రెండు నోళ్ళలోనూ రాళ్ళు, పగిలిన ఇటుకలు కూరి, పైన కాంక్రీటు పోశాడు. లోపల గాలి బిగిసి గచ్చు ఉబ్బితే తెరవడానికని, హాలు మధ్యలో రెండో స్తంభం పక్కన తూములోకి బావిలాంటి ఒక కన్ను వదిలాడు. దాన్ని రాతిపలకతో మూసి, ఆ పైన చాప అల్లిక కలిపేశాడు. విబోవోకు ఆ సంగతి చెప్పలేదు. ఆ ముఠావాళ్ళు వేరే ఊళ్ళకు చెదిరిపోయారు.

స్టేషన్ ఎండిపోయింది. ఆకుపచ్చ ఇటుకల్లో సగం నేల కిందికి పోయాయి. తలుపులు తెరుచుకోవడానికి అడుగున కోశారు, చెక్కిన తీగలు తెగిపోయాయి. తుకిరాన్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. కసియెమ్ దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టింది.

మా ఇళ్ళలో నీళ్ళు నిలవడం ఆ ఏడే మొదలైంది.

మొదట ఒక పూట. తర్వాత ఒక రోజు. రెండేళ్ళకు మూడు రోజులు. మోకాలి లోతు ఉప్పునీళ్ళు, దొడ్ల మురుగుతో కలిసి, నల్లగా. పిల్లల కాళ్ళకు పుళ్ళు. మంచాల కింద ఇటుకలు పెట్టుకున్నాం. ఇటుకల మీద మళ్ళీ ఇటుకలు. స్టేషన్ నేల ఎత్తడం వల్ల నీళ్ళన్నీ మా మీదికి తన్నుకొస్తున్నాయని మేమనుకున్నాం. ఎత్తింది తుకిరాన్. అంతకంటే మాకు ఏ రుజువూ అక్కర్లేకపోయింది. అందులో సగమే నిజమని అప్పటికి తెలియదు.

తొంభై ఒకటిలో దార్మి తల్లి పోయింది. మిట్టమధ్యాహ్నం, పోటు నిండుగా ఉన్న వేళ. శవాన్ని తీసుకెళ్ళాలంటే పిరుదుల లోతు నీళ్ళలో సందు దాటాలి. ముందున్నవాడి కాలు ఏదో గుంటలో పడింది. పాడె ఒక మూల నీళ్ళలో మునిగింది. తెల్లగుడ్డ నల్లబడింది. దార్మి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తల ఎత్తి చూస్తే, స్టేషన్ వెనక కంచె అవతల, పొడినేల మీద, తుకిరాన్ నిలబడి ఉన్నాడు. చేతిలో తాపీ.

"చూడు! బాగా చూడు!" అని దార్మి కంచె పట్టుకుని ఊపింది. "నీ గచ్చు మీద చుక్క పడకూడదు, మా అమ్మ మటుకు మురుగులో మునగాలి! నీకు పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే వాళ్ళ ఉసురు కూడా నేనే పోసుకునేదాన్ని!"

తుకిరాన్ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదేమో. ఏమీ అనకుండా వెళ్ళడం మమ్మల్ని ఇంకా మండించింది.

ఆ నెల తర్వాత ఎవరింట్లో కందూరి భోజనాలు పెట్టినా తుకిరాన్ ఇంటికి పిలుపు వెళ్ళడం ఆగిపోయింది. పిలవకపోయినా పళ్ళెం పంపించడం మా ఆచారం. అదీ మానేశారు. కసియెమ్ బావి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఒకరోజు ఆమె చేద తాడు ఎవరో కోసేశారు. ఎవరు కోశారో నాకు తెలుసు, చెప్పను.

తొంభై ఏడులో రెండోసారి ఎత్తుతారని తెలిసింది. హార్తొయొ అప్పుడు కుర్రాడు, మునిసిపాలిటీలో గుమాస్తా. తర్వాత మా పేట పెద్ద అయ్యాడు. అతను మంచి మాటలు మాట్లాడగలవాడు. నలుగురిని వెంటబెట్టుకుని తుకిరాన్ ఇంటికి వెళ్ళాడు. నేను గుమ్మం బయట ఉండి విన్నాను. మా దగ్గర మర్యాదకు మగవాళ్ళను పాక్ అనీ, ఆడవాళ్ళను బు అనీ అంటాం; ఆ మర్యాదతోనే మొదలుపెట్టాడు.

"పాక్ తుకిరాన్, ఈసారి మీరు పని ఒప్పుకోవద్దు. మీరు కాదంటే ఆ పలకల అల్లిక ఇంకెవరికీ రాదట. పని నిలుస్తుంది. మేం ఈలోగా పైవాళ్ళకు అర్జీ పెట్టుకుంటాం."

"నేను కాదంటే ఇంకొకణ్ణి తెస్తారు. వాడు పాడు చేస్తాడు."

"పాడైతే కానివ్వండి! గచ్చే కదా!"

"గచ్చే కదా?" తుకిరాన్ గొంతు మొదటిసారి లేచింది. "మీ తాతలు పుట్టకముందు వేసిన పలకలవి. నీ అర్జీలాంటి కాయితం కాదు."

హార్తొయొ లేచి నిలబడ్డాడు. "అంటే మీకు మా కంటే పలకలే ఎక్కువ."

తుకిరాన్ మర్నాడు పనికి వెళ్ళాడు. ఈసారి రెండు మూరలు. స్తంభాల ఆకుపచ్చ పాదాలు పూర్తిగా మాయమయ్యాయి. టికెట్ల కిటికీలు మోకాళ్ళ దగ్గరికి వచ్చేశాయి. వాటిని మూసి, పైన కమానులు తవ్వి కొత్తవి పెట్టారు. నాలుగు స్తంభాలూ గోతిలో నిలబెట్టిన మనుషుల్లా పొట్టిగా కనబడ్డాయి. రెండో స్తంభం పక్కన ఉన్న కన్నును మాత్రం ఆయన రెండు మూరలు ఇటుక కట్టి పైకి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో, ఎవరికి చెప్పుకున్నాడో, ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. స్టేషన్ ఎన్నిసార్లు ఎత్తినా దానికి పైన చోటుంది. గుమ్మటం అంత ఎత్తున ఉంది. మా ఇళ్ళకు పైన చోటు లేదు. నీళ్ళకు జడిసి మేమూ మట్టి పోసి నేల లేపుకున్నాం. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి తల వాసాలకు తగిలింది. కప్పు లేపే స్తోమత ఎవరికుంది? దార్మి తన ఇంట్లోకి నడుం వంచి వెళ్ళేది. కిటికీలు నేలకు జానెడు ఎత్తులో ఉండేవి. వాకిట్లో నిలబడితే లోపల కూర్చున్నవాళ్ళ కాళ్ళు కనబడేవి. మా ఆయన పొడగరి. పదేళ్ళు ఇంట్లో మెడ వంచి తిరిగాడు, ఆ మెడ అలాగే నిలిచిపోయింది. గుమ్మం తగిలి నుదురు చిట్లిన ప్రతిసారీ తుకిరాన్‌నే తిట్టుకున్నాడు.

రెండువేల పన్నెండు. తుకిరాన్‌కు అరవై దగ్గర పడింది. పని నుంచి దిగిపోయాడు. కసియెమ్‌కు ఆయాసం. అప్పుడు లారస్ అనే ఇంజినీరు వచ్చింది. చిన్న వయసు, తల మీద చుట్టిన గుడ్డ పైన హెల్మెట్. మూడోసారి ఎత్తాలి, ఈసారి ఇంకా ఎక్కువ. పాత అల్లిక తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని తుకిరాన్ ఇంటికి వచ్చి అడిగింది. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు.

ఆ మర్నాడే మసీదు అరుగు మీద పేట సమావేశమైంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక. పట్టాల మీద పడుకుందామని ఒకరు, గవర్నరు దగ్గరికి పోదామని ఒకరు. దార్మి లేచింది.

"ముందు ఇంట్లో పామును చూసుకోండి. ఆ ఇంజినీరు పిల్ల నిన్న ఎవరింటికి వెళ్ళిందో తెలుసా? వీడింటికే. కాఫీ కూడా తాగింది. మన మధ్య ఉండి మన కొంపలు ముంచేవాణ్ణి ముందు బయటికి పంపండి. తర్వాత గవర్నరు."

తుకిరాన్ అరుగు చివర, చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు. పిలవకుండానే వచ్చాడు. హార్తొయొ ఇప్పుడు పేట పెద్ద. అటూ ఇటూ చూసి, "చేతులెత్తండి" అన్నాడు. తుకిరాన్ పేట వదిలి పోవాలి అన్నవాళ్ళంతా చేతులెత్తాలి. ఎత్తారు. నేనూ ఎత్తాను. ఆయన మా అందరినీ ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు. లెక్కపెట్టినట్టు కాదు, ఎవరెవరో గుర్తుపెట్టుకున్నట్టు.

"పొమ్మంటే పోతాను" అన్నాడు. "పోయేలోపు ఒక మాట వినండి. మీరు తిట్టేది తప్పు పనికి. నీళ్ళు నిలుస్తున్నది నేల ఎత్తడం వల్ల మాత్రమే కాదు. స్టేషన్ కింద తూముంది. మన పేట నీళ్ళు తీసుకుపోయే తూము. ఎనభై నాలుగులో దాన్ని నేనే పూడ్చాను."

ఆయన మొత్తం చెప్పాడు. ఇనుప తలుపు సంగతి, విబోవో అన్నమాట, ముఠా నవ్వు, తన నవ్వు. చివరికి రెండో స్తంభం పక్కన ఉన్న కన్ను సంగతి కూడా.

మొదట నోరు తెరిచింది హార్తొయొ. "ఇరవై ఎనిమిదేళ్ళు."

"అవును."

"నేను మీ ఇంటికి వచ్చిన రోజు కూడా తెలుసు."

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మొదట ఉద్యోగం పోతుందని. తర్వాత..." తుకిరాన్ ఆగాడు. "తర్వాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారని."

దార్మి మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. కాలిచెప్పు తీసి ఆయన ముఖం మీద కొట్టింది. ఒకసారి కాదు. ఎవరూ ఆపలేదు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "కన్ను వదిలావా? కన్ను పెట్టుకుని చూస్తూ కూచున్నావా? మా అమ్మను మోసిన రోజు ఆ పలక తియ్యడానికి నీ చేతికేం రోగం?" ఇమాము వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అరుగు కింద మెట్ల మీద కసియెమ్ నిలబడి ఉంది. ఆమెకూ ఆ సంగతి తెలియదు. ఆయాసపడుతూ ఇంటికి వెళ్ళి, గోడ మీది ప్రశంసాపత్రం తీసి, సందులోకి విసిరింది. అద్దం ముక్కలు ఎవరి కాళ్ళకూ గుచ్చుకోకుండా తుకిరానే ఏరుకున్నాడు.

"ఊరికే చెబితే సరిపోదు. రేపు పొద్దున్న పద. చూపించు" అన్నాడు, వెనకే సందులోకి వచ్చిన హార్తొయొ.

మర్నాడు ఎనిమిదింటికి తుకిరాన్ సమ్మెట, ఉలి భుజాన వేసుకుని బయల్దేరాడు. వెనకాల మేం నలభై మందిమి. ఆయనకూ మాకూ మధ్య పది అడుగుల ఎడం ఉంచి నడిచాం. తోడు వెళ్ళడం కాదు అది. దొంగను పట్టుకెళ్ళినట్టు.

హాలు నిండా జనం. సురబయ వెళ్ళే రైలుబండికి వేళైంది. తుకిరాన్ రెండో స్తంభం దగ్గరికి వెళ్ళి మడమతో నేలను తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. అప్పటికి కాపలావాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక స్టేషన్ అధికారి, ఆయన వెనక లారస్.

"ఏం చేస్తున్నావు ముసలోడా? ఇది పురాతన కట్టడం. గీత పడినా జైలే" అన్నాడు అధికారి.

"తెలుసండి. ఈ పలకలు నేనే వేశాను."

"పాక్ తుకిరాన్, ఆగండి" అంది లారస్. "కింద తూము ఉన్నట్టు ఏ పటంలోనూ లేదు. నేను అన్నీ చూశాను."

"పటంలో లేకుండా పూడ్చమన్నారు ఇంజినీరమ్మా. పూడ్చాను. పటం పుట్టింది పూడ్చాకే."

"రాతపూర్వకంగా ఇవ్వండి, విచారణ పెడదాం" అన్నాడు అధికారి.

మా వెనక నుంచి దార్మి, "ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు విచారించండి!" అని కేకేసింది. తర్వాత తుకిరాన్ వైపు తిరిగి, "చూస్తావేం? కొట్టు! అబద్ధమైతే ఆ సమ్మెటే నీ నెత్తిన పడుద్ది!" అంది.

కాపలావాళ్ళు ముందుకు రాబోతే హార్తొయొ, మా ఆయన, ఇంకో పదిమంది అడ్డం నిలబడ్డారు. తుకిరాన్‌ను కాపాడ్డానికి కాదు. ఆ గోయి చూడ్డానికి.

తుకిరాన్ ఉలి పెట్టి కొట్టాడు. మొదటి పలక మధ్యకి చీలింది. ఆయన ముఖం చూశాను. దార్మి చెప్పుతో కొట్టినప్పుడు కూడా అలా లేదు. నాలుగు పలకలు పోయాయి. కింద సున్నం, దాని కింద రాతిపలక. మా ఆయనా ఇంకొకడూ గునపం వేసి ఎత్తారు. గోతిలోంచి పాత బురద కంపు గుప్పున వచ్చింది. జనం ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు. లారస్ మాత్రం నేల మీద బోర్లా పడుకుని లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది. లేచి నిలబడి, చొక్కా మీది దుమ్ము దులుపుకోకుండా, అధికారితో అంది: "ఇటుక కమాను. పేట వైపుకి వెళ్తోంది."

అధికారి తుకిరాన్‌ను పోలీసులకు అప్పగించాడు. ఆయన్ని తీసుకెళ్తుంటే మేం దారి ఇచ్చాం. సురబయ బండి పావుగంట ఆలస్యంగా కదిలింది.

పదిహేడు రోజులు లాకప్పులో ఉంచారు. పేట నుంచి ఒక్కరూ చూడ్డానికి వెళ్ళలేదు. కసియెమ్ మొదటి వారం వెళ్ళలేదు. రెండో వారం అన్నం డబ్బా ఇమాము చేత పంపించింది. లారస్ రాసిన నివేదిక పైకి వెళ్ళింది, పత్రికలో వచ్చింది. విబోవో అప్పటికే చనిపోయాడు. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి కేసు నీరుగారిపోయింది. తుకిరాన్ తిరిగి వచ్చాక కసియెమ్ వండిపెట్టింది, పక్క వేసింది, నాలుగు నెలలు మాట్లాడలేదు.

తూము తవ్వారు. ఆ పనికి బయటి ఊరి ముఠాను తెచ్చారు. ఆయన్ని కాంపౌండు లోపలికి కూడా రానివ్వలేదు. కాలవ చివర కొత్త ఇనుప తలుపు బిగించారు. మూడోసారి నేల ఎత్తడం మానుకున్నారు. ఆ పడమటిగాలి నెలల్లో నీళ్ళు వచ్చాయి, ఎప్పటిలాగే. మేం మంచాల మీద కూర్చుని చూస్తున్నాం. సాయంత్రం నాలుగింటికి ఆటు మొదలైంది. సందులో నీళ్ళు స్టేషన్ గోడ వైపుకి నడవడం మొదలుపెట్టాయి. ఆరింటికి గుమ్మాలు నీళ్ళలోంచి బయటపడ్డాయి. మా ఆయన గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. సంతోషంతో అనుకుంటే పొరపాటు. "ఇంత తేలికా?" అని ఏడ్చాడు.

ఆ రోజు తుకిరాన్ మీద మా కోపం రెట్టింపైంది. నీళ్ళు పోతున్నకొద్దీ, ఇన్నేళ్ళు ఎందుకు పోలేదో కళ్ళకు కట్టింది. పేట వదిలి పొమ్మన్న తీర్మానాన్ని మటుకు హార్తొయొ మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఉన్నాడు, మేం ఉన్నాం. అంతే.

మరుసటి ఎండాకాలంలో పేటంతా ఇళ్ళ నేలలు తవ్వి కిందికి దించుకోవడం మొదలుపెట్టారు. తల నిలబెట్టి తిరగాలని అందరికీ ఆత్రం. దార్మి రేవు నుంచి ఒక మేస్త్రీని పిలిపించింది. అతను రెండు రోజుల్లో గచ్చు వేసి వెళ్ళిపోయాడు. ఒక బిందె పోస్తే నీళ్ళు మంచం కిందికి చేరి అక్కడే కూర్చున్నాయి.

దుకాణం నుంచి లవంగం సిగరెట్లు తెచ్చుకుంటూ తుకిరాన్ ఆ సందులో వెళ్తున్నాడు. తెరిచిన తలుపులోంచి గచ్చు చూసి ఒక్క క్షణం ఆగాడు. దార్మి చూసింది.

"ఏం చూస్తున్నావు?"

"ఏం లేదు."

"వంకర కనబడుతోందా?"

"కనబడుతోంది."

"మరి నోటికేమైంది?"

"పిలవలేదుగా, బు దార్మి."

"పిలవను. చచ్చినా పిలవను" అంది ఆమె. గుమ్మానికి అడ్డం నుంచి పక్కకు తప్పుకుంది. తప్పుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఆయన ఇంటికి వెళ్ళి తాపీ, రసమట్టం తెచ్చుకున్నాడు. మూడు రోజులు పనిచేశాడు. ఎండ మండిపోతోంది. దార్మి ఒక్క గ్లాసు మంచినీళ్ళు ఇవ్వలేదు. పక్కింటి నుంచి నేను ఇవ్వబోతే, "నా ఇంట్లో పనిచేసేవాడికి నువ్వెవరు నీళ్ళివ్వడానికి?" అని నన్ను కసిరింది. నేను గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఆయన గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి పనిలోకి దిగాడు.

మూడో రోజు సాయంత్రం దార్మి ఒక బిందె నిండా నీళ్ళు తెచ్చి గది మూలన కుమ్మరించింది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా గుమ్మం దాకా వచ్చి, గడప పక్కన వదిలిన కంతలోంచి బయటికి పోయాయి. ఆమె వంగి అరచేత్తో నేల తడిమి చూసింది. ఎక్కడా నీళ్ళు నిలవలేదు, మిట్టపల్లాలు లేవు.

"అయిపోయిందా?" అంది.

"రేపటిదాకా మంచం పెట్టకండి."

ఆమె తలుపు మూసుకుంది. తుకిరాన్ వాకిట్లో తాపీ కడుక్కుని, నడుం పట్టుకుని మెల్లగా ఇంటికి నడిచాడు.